రామ్యోను కథ: గోధుమ పిండి, మిరప కారము, పాల మీగడ

నేడు కొరియా దేశపు ఇండ్లలో ఒక చిన్న గిన్నె, ఒక పొయ్యి, పది నిమిషముల కాలము ఉన్నచో ఒక వంటకము సిద్ధమగును. పొట్లములోని నూడుల్సును ఉడికించి, ఎర్రని మిరప ముద్దను వెన్నలో వేయించి, దానిలో పాలు పోసి, పైన ఒక జున్ను పలక వేసి కలుపుదురు. ఎరుపు తెలుపు కలిసి గులాబి రంగు చిక్కని రసము నూడుల్సును పట్టుకొనును. నాలుకపై మొదట పాల కమ్మదనము, తరువాత మిరప మంట తెలియును. ఈ పద్ధతి నేడు అనేక దేశముల యువకులకు పరిచితము.

దీనిని కొరియా వంట అందురు. ఆ మాట నిజమే. కాని ఐదు వందల సంవత్సరముల క్రిందట ఆ దేశమున మిరపకాయ లేదు. అరువది యేండ్లకు పూర్వము జున్ను సామాన్యుల యింట లేదు. నూడుల్సును నూనెలో వేయించి నిలువచేయు పద్ధతి జపానులో పుట్టినది. గోధుమ పిండి అమెరికా ఓడలలో వచ్చినది. ఇన్ని దారులు ఒక గిన్నెలో ఎట్లు కలిసెనో తెలిసికొన్నచో ఆహార చరిత్రయు, ఆహార రసాయనమును కొంత బోధపడును. ఈ వంటకము విలాసము కొరకు పుట్టలేదు. ఆకలి దీనికి తల్లి.

ఒసాకా గుడిసెలో

రెండవ ప్రపంచ యుద్ధము 1945లో ముగిసినప్పుడు జపానులో తిండికి కరవు ఏర్పడెను. ఒసాకా నగరపు శిథిలముల నడుమ, చలిలో, ఒక గిన్నెడు వేడి నూడుల్సు కొరకు ప్రజలు పొడుగైన వరుసలలో నిలిచి యుండుటను ఆండో మొమొఫుకు అను వ్యాపారి చూచెను. ఇతడు 1910లో తైవానులో జన్మించినవాడు. ఆ రోజులలో అమెరికా నుండి వచ్చు గోధుమ పిండితో రొట్టె తినుడని జపాను ప్రభుత్వము ప్రచారము చేయుచుండెను. అదే పిండితో తమకు అలవాటైన నూడుల్సునే ఏల చేయరాదు అని ఆండో ఆలోచించెను. కాని నూడుల్సు త్వరగా చెడిపోవును, వండుటకు సమయము పట్టును.

1957లో ఆండో అధ్యక్షుడుగా ఉన్న ఒక పరపతి సంఘము దివాలా తీసెను. ఇల్లు తప్ప ఆయనకు మిగిలినది స్వల్పము. ఇకెడా అను ఊరిలో, ఇంటి వెనుక వేసికొన్న చిన్న గుడిసెలో ఆయన ఒక సంవత్సరము ప్రయోగములు చేసెను. నిలువ యుండవలెను, రుచిగా ఉండవలెను, వేడినీరు పోసినంతనే సిద్ధము కావలెను, చౌకగా దొరకవలెను, తిన్నవారికి హాని కలుగరాదు: ఇవి ఆయన పెట్టుకొన్న నియమములు. భార్య పిండిలో ముంచిన కూరగాయలను నూనెలో వేయించుచుండగా చూచినప్పుడు ఆయనకు మార్గము తోచెనని చెప్పుదురు. పిండిలోని నీరు వేడి నూనెలో ఆవిరియై బయటికి పోవునప్పుడు సన్నని రంధ్రములు మిగులును. నూడుల్సునకును ఇదే జరుగును గదా!

1958వ సంవత్సరము ఆగష్టు 25వ తేదీన ఆయన చేసిన 'చికెన్ రామెన్' అంగళ్లలోనికి వచ్చెను. వెల 35 యెన్నులు. ఆనాడు పచ్చి నూడుల్సు వెల దీనిలో ఆరవ వంతు మాత్రమే. అందుచేత మొదట దీనిని ధనికుల తిండి యనిరి. ఉత్పత్తి పెరిగిన కొలది వెల తగ్గెను. 1964లో ఆండో తయారీదారుల సంఘమును ఏర్పరచి, తన పద్ధతిని ఇతర సంస్థలు కూడ అనుమతితో వాడుకొనుటకు వీలు కల్పించెను.

అటుకుల సూత్రమే

ఈ నూడుల్సు నాలుగు నిమిషములలో ఉడుకుటకు కారణమేమి? నిజమునకు అవి ముందే ఉడికినవి. పిండిని నీటితోను, కొద్దిపాటి క్షార లవణములతోను కలిపి పలుచని రేకులుగా ఒత్తి, దారములుగా కోసి, ఆవిరిలో ఉంచుదురు. అప్పుడు పిండిలోని స్టార్చి రేణువులు నీటిని పీల్చి ఉబ్బి, మెత్తబడును. తరువాత సుమారు 140 నుండి 160 డిగ్రీల సెంటిగ్రేడు వేడి గల నూనెలో ఒకటి రెండు నిమిషములు వేయింతురు. మూడవ వంతునకు పైగా ఉన్న తేమ నూటికి ఐదు పాళ్లకు లోపుగా తగ్గిపోవును. తేమ లేని చోట సూక్ష్మజీవులు పెరుగజాలవు. కనుక నూడుల్సు నెలల తరబడి నిలువ యుండును. నీరు పోయిన దారిలో మిగిలిన రంధ్రములలోనికి మరల వేడినీరు చొచ్చినంతనే అవి మెత్తబడును.

తెలుగు వారి వంటయింటిలో ఈ సూత్రము కొత్తది కాదు. అటుకులు చేయువారు వడ్లను నానబెట్టి, వేయించి, దంచుదురు. ఆ వేడిలో బియ్యపు స్టార్చి ముందే ఉడికి యుండుటచేతనే అటుకులు నీటిలో తడిపినంతనే తినుటకు పనికివచ్చును. వడియముల పిండిని ఉడికించి ఎండబెట్టుటయు ఇట్టిదే. ముందు ఉడికించుట, తరువాత నీటిని తీసివేయుట: రెండు చోట్లను క్రమము ఒక్కటియే.

నూడుల్సులోని క్షార లవణములకు మరియొక పని కలదు. అవి గోధుమలోని గ్లూటెన్ అను మాంసకృత్తును గట్టిపరచి సాగుదనము నిచ్చును. పిండిలో సహజముగా నున్న వర్ణద్రవ్యములు క్షారము తగిలినప్పుడు పసుపు వన్నె పొందును. నూడుల్సు పసుపుగా ఉన్నంత మాత్రమున గ్రుడ్డు కలిపిరని భావింపరాదు.

సియోలు అంగడిలో ఐదు వోన్ల గంజి

1950 నుండి 1953 వరకు జరిగిన యుద్ధము కొరియాను నేలమట్టము చేసెను. 1960 తరువాత కూడ సియోలు నగరపు నామ్‌దేమున్ అంగడిలో అమెరికా సైనిక శిబిరముల నుండి వచ్చిన ఎంగిలి పదార్థములను కలిపి మరగించిన గంజిని ఐదు వోన్లకు అమ్ముచుండిరి. దాని పేరునకు 'పందుల గంజి' అని అర్థము. ఆకలి రుచి ఎరుగదు. కూలివారు దాని కొరకు వరుసలో నిలిచిరి. భీమా సంస్థలో పనిచేసి, 1961లో సామ్యాంగ్ అను ఆహార సంస్థను స్థాపించిన జోన్ జుంగ్‌యూన్ ఆ వరుసను చూచెను. అంతకు ముందు జపానులో తాను తిన్న నూడుల్సు ఆయనకు గుర్తువచ్చెను.

ఆయన 1963లో టోకియోకు పోయెను. ఇది సులభమైన ప్రయాణము కాదు. 1910 నుండి 1945 వరకు కొరియా జపాను పాలనలో ఉండెను. ఆ గాయము మానలేదు. రెండు దేశముల మధ్య దౌత్య సంబంధములు కూడ 1965 వరకు లేవు. కొన్ని సంస్థలు తమ రహస్యమును తెలుపుటకు ఇష్టపడలేదు. మ్యోజో అను సంస్థ అధ్యక్షుడు ఒకుయి కియోసుమి మాత్రము ఆయన మాట విని, తయారీ పద్ధతిని ప్రతిఫలము లేకుండ నేర్పుటకు ఒప్పుకొనెను. కొరియా యుద్ధకాలమున జపాను పరిశ్రమలు లాభపడెనన్నది ఆయన మనసున ఉండెను. మసాలా పాళ్లు మాత్రము సంస్థలోని వారు ఈయరైరి. జోన్ తిరుగు ప్రయాణమునకు విమానాశ్రయము చేరినప్పుడు, ఒకుయి పంపిన ఒక కవరు ఆయన చేతికి అందెననియు, దానిలో ఆ పాళ్లు వ్రాసి యుండెననియు చెప్పుదురు.

1963 సెప్టెంబరు 15వ తేదీన కొరియాలో మొదటి రామ్యోను పొట్లము వెలువడెను. బరువు 100 గ్రాములు. వెల 10 వోన్లు. మొదట కొనువారు లేరు. ఆ పేరు విని అది ఒక రకపు గుడ్డయో నూలో అనుకొన్నవారు కలరు. సంస్థవారు వీథులలో పొయ్యిలు పెట్టి, వండి, ఊరకనే పంచిపెట్టవలసి వచ్చెను.

బియ్యము లేని దినములు

రామ్యోను వ్యాప్తికి రుచి ఒక్కటియే కారణము కాదు. 1954లో అమెరికా ప్రభుత్వము తన మిగులు ధాన్యమును ఇతర దేశములకు పంపుటకు 'పబ్లిక్ లా 480' అను చట్టము చేసెను. భారతదేశము 1956లో ఈ చట్టము క్రింద ఒప్పందము చేసికొన్నది; వరి అన్నము తినుటకు అలవాటు పడిన మన ప్రాంతములకు గోధుమ ఎక్కువగా పరిచితమైన కాలము కూడ అదియే. కొరియాకును ఈ గోధుమలు వెల్లువగా వచ్చెను. బియ్యము చాలని ఆ దేశ ప్రభుత్వము 1960 దశకమున ప్రజలను గోధుమ, బార్లీ తినుడని ప్రోత్సహించెను. భోజనశాలలలో వారమునకు రెండు దినములు పగటిపూట బియ్యపు వంటకములు అమ్మరాదని నిబంధన విధించిరి. పాఠశాలలలో ఉపాధ్యాయులు పిల్లల అన్నపు డబ్బాలను తెరచి, బియ్యములో ఇతర ధాన్యము కలిసినదా లేదా అని పరీక్షించుచుండిరి. ఇట్టి పరిస్థితులలో గోధుమ పిండితో చేసిన చౌక భోజనము ఇంటింటికి చేరుట సహజమే.

ఎరుపు వచ్చిన విధము

మొదటి రామ్యోను జపాను పద్ధతిలో కోడి రసపు రుచితో, తెల్లగా ఉండెను. కారము క్రమముగా చేరెను. కొరియావారి నాలుకకు అది అవసరము. అయితే ఆ అలవాటు కూడ మరీ పురాతనము కాదు. మిరప మొక్క జన్మస్థానము అమెరికా ఖండము. 16వ శతాబ్దమున పోర్చుగీసు వర్తకులు దానిని భారతదేశమునకు తెచ్చిరి. అంతకు ముందు తెలుగువారి కారము మిరియముదే. అదే శతాబ్దపు చివరి కాలములో అది కొరియా చేరినట్లు పెక్కుమంది చరిత్రకారులు భావింతురు. 1614లో యీ సుగ్వాంగ్ అను పండితుడు కూర్చిన విజ్ఞాన గ్రంథములో దానిని జపాను నుండి వచ్చిన ఘాటు పదార్థముగా పేర్కొనెను. తరువాత మిరప పొడిని బంక బియ్యముతోను, పులిసిన సోయా పొడితోను, ఉప్పుతోను కలిపి జాడీలలో మాగబెట్టి 'గోచుజాంగ్' అను ముద్దను చేయసాగిరి. గుంటూరు సీమలో గోంగూర పచ్చడి ఎట్టిదో, అక్కడ ఈ ముద్ద అట్టిది. మిరప పరదేశి యన్న సంగతి రెండు చోట్లను ప్రజలు మరచిరి.

1986లో నోంగ్‌షిమ్ సంస్థ 'షిన్ రామ్యోను'ను విడుదల చేసెను. షిన్ అను అక్షరమునకు కారము అని అర్థము. ఇది వచ్చిన పిమ్మట రామ్యోను అనగా ఎర్రనిది, కారమైనది అను భావము స్థిరపడెను.

మూడేండ్లకు ఒక పెద్ద అలజడి కలిగెను. 1989 నవంబరులో, నూడుల్సును వేయించుటకు తినరాని తరగతి పశువుల కొవ్వును వాడిరని సామ్యాంగ్ మొదలగు సంస్థలపై ప్రభుత్వ న్యాయవాదులు నేరము మోపిరి. ఆ కొవ్వు శుద్ధి చేసిన పిమ్మట ఆరోగ్యమునకు హానికరము కాదని పరిశీలనలు తెలిపినను, ప్రజల భయము తగ్గలేదు. సుప్రీము కోర్టు 1997లో నిర్దోషులని తీర్పు చెప్పెను. ఆ ఎనిమిదేండ్లలో సామ్యాంగ్ తన వ్యాపారములో అధిక భాగమును కోల్పోయెను. అపవాదు వేగముగా పోవును. పరీక్షాఫలితము మెల్లగా నడచును. విజ్ఞానము బోధించువారు గమనింపదగిన సంగతి యిది. ఆ పిమ్మట పరిశ్రమ యంతయు తాటి జాతి చెట్ల నుండి తీసిన పామాయిలునకు మారెను.

మంటను కొలుచుట

2012లో సామ్యాంగ్ సంస్థయే 'బుల్డక్' అను రకమును తెచ్చెను. ఆ పేరునకు నిప్పుకోడి అని అర్థము. దీనికి రసము లేదు. నీటిని వంచివేసి, కారపు ముద్దతో కలుపుకొనవలెను. దీని ఘాటు సుమారు 4,400 స్కోవిల్ మాత్రలని సంస్థ ప్రకటించెను. ఈ మానము 1912లో విల్బర్ స్కోవిల్ అను అమెరికా ఔషధశాస్త్రజ్ఞుడు ఏర్పరచినది. మిరప సారమును తియ్యని నీటిలో ఎన్ని రెట్లు పలుచన చేసిన కారము తెలియకుండ పోవునో ఆ సంఖ్యయే దాని ఘాటు. ఇప్పుడు నాలుకకు బదులు యంత్రములతో కొలుచుచున్నారు.

మిరపలోని మంటకు కారణమైన కాప్సైసిన్ రుచి కాదు, నొప్పి. 1997లో డేవిడ్ జూలియస్ బృందము నాడీకణములపై ఒక ప్రత్యేక ద్వారమును కనుగొనెను. అది సుమారు 43 డిగ్రీలకు మించిన వేడికి తెరచుకొనును. కాప్సైసిన్ తగిలినను అట్లే తెరచుకొనును. అందుచేత మెదడు కారమును కాలుటగా గ్రహించును. వేడిగా తిన్న కారము చల్లగా తిన్నదానికంటె మండుటకు కారణమిదే. ఈ పరిశోధనకు గాను ఆయన 2021లో నోబెల్ బహుమానమును మరియొకరితో పంచుకొనెను.

ఘాటునకు హద్దు కలదా? 2024 జూనులో డెన్మార్కు ప్రభుత్వము అత్యంత కారమైన మూడు రకములను, కాప్సైసిన్ మోతాదు మించినదని, అంగళ్ల నుండి తీసివేయించెను. మరల లెక్కలు చూచి కొన్నిటిని మరుసటి నెలలో అనుమతించెను. పెద్దలు పందెము వేసికొని తినునది పిల్లల కడుపునకు ప్రమాదము కావచ్చునని ఈ ఉదంతము తెలిపెను.

పాలు, జున్ను

నీరు త్రాగిన కారము చల్లారదు. కాప్సైసిన్ నీటిలో కరుగదు; నీరు దానిని నోరంతయు పరచును. పాలలోని కొవ్వు దానిని కొంత కరిగించుకొనును. పాలలోని కేసీన్ అను మాంసకృత్తు దానిని పట్టుకొని నాడుల నుండి తొలగించును. వెన్న తీసిన పాలు కూడ మంటను చక్కగా తగ్గించుటను బట్టి కేసీన్ ప్రాముఖ్యము తెలియుచున్నది. గోంగూర పచ్చడి తిన్నవాడు మజ్జిగ అన్నముతో భోజనము ముగించుటలో ఈ శాస్త్రమే యున్నది.

కొరియా సామాన్యులకు పూర్వము పాడి అలవాటు తక్కువ. పాల జావ రాజాంతఃపురపు భోజనము. 1964లో బెల్జియము దేశపు మతగురువు దిదియే సెర్‌స్తెవాన్స్ ఇమ్‌సిల్ అను కొండప్రాంతమునకు పోయెను. బీద రైతులు మేకలను పెంచి పాలు అమ్ముకొనవలెనని ఆయన కోరిక. పాలు మిగిలిపోవుచుండగా 1967లో జున్ను చేయ ప్రయత్నించెను. పలుమార్లు విఫలుడై, ఐరోపాకు పోయి నేర్చుకొని వచ్చి, చివరకు సాధించెను. 2019లో ఆయన ఆ దేశముననే మరణించెను. ఇమ్‌సిల్ జున్ను నేడు దేశమంతట ప్రసిద్ధము. సైనిక శిబిరముల చెంత పుట్టిన కూరలో జున్ను పలక వేయు అలవాటు కూడ రామ్యోనుకు అబ్బినది. తరువాత సంస్థలే మీగడ రుచి గల కారపు రకములను విడుదల చేసినవి.

ఇంటిలో వండునప్పుడు

ఒక పొట్లము నూడుల్సునకు అర లీటరునకు కొంచెము పైగా నీరు మరగించి, నాలుగు నిమిషములు ఉడికింపవలెను. నీటిని వంచునప్పుడు ఒక చిన్న గరిటెడు మిగుల్చుట ముఖ్యము. దానిలో నూడుల్సు విడిచిన స్టార్చి యుండును.

వేరొక గిన్నెలో చెంచాడు వెన్న కరిగించి, రెండు మూడు వెల్లుల్లి రెబ్బలు చితిపి వేసి, ఒక పెద్ద చెంచా గోచుజాంగ్ కలిపి సన్నని సెగపై ఒక నిమిషము త్రిప్పవలెను. మిరప వన్నె, ఘాటు రెండును నూనెలో కరుగునవి. తాలింపులో మిరపకాయ వేయుటకు కారణము కూడ ఇదియే. సెగ ఎక్కువైనచో ముద్దలోని చక్కెర మాడి చేదెక్కును.

తరువాత అర కప్పు, అనగా సుమారు 100 మిల్లీలీటర్ల పాలను కొద్దికొద్దిగా పోయవలెను. గోచుజాంగ్ పులిసినది గనుక దానిలో కొంత ఆమ్లము కలదు. ఆమ్లము, తీవ్రమైన వేడి రెండును కలిసినచో కేసీన్ ముద్దలు కట్టి పాలు విరుగును. సెగ తగ్గించుట, మిగిల్చిన గంజినీరు కలుపుట దీనికి విరుగుడు. స్టార్చి మాంసకృత్తు కణముల నడుమ చేరి వాటిని దగ్గరకు రానీయదు, రసమును చిక్కపరచును. చివర నూడుల్సు, జున్ను పలక వేసి పొయ్యి ఆర్పి కలుపవలెను. జున్ను పలకలో చేర్చు సిట్రేటు, ఫాస్ఫేటు లవణములు కొవ్వును, నీటిని విడిపోనీయవు. అందువలననే అది నూనె తేలక నునుపుగా కరుగును.

పొట్లములోని మసాలాను సగమునకు మించి వేయకుండుట మేలు. కొరియా రామ్యోను పొట్లములో తరచుగా 1,500 నుండి 1,900 మిల్లీగ్రాముల సోడియము ఉండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినమంతటికి చెప్పిన హద్దు 2,000 మిల్లీగ్రాములు. మొదటి చికెన్ రామెన్‌లో మసాలా నూడుల్సులోనే కలిసి యుండెను, తగ్గించుకొనుటకు వీలులేదు. 1962లో మ్యోజో సంస్థ మసాలాను వేరు పొట్లముగా ఇచ్చుటతో ఆ స్వేచ్ఛ వండువారి చేతికి వచ్చెను. ఒక కోడిగ్రుడ్డు, గుప్పెడు ఆకుకూర చేర్చినచో నూడుల్సులో తక్కువగా నున్న మాంసకృత్తు, పీచు, విటమినులు కొంత చేకూరును.

2014లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, వారమునకు రెండు సార్లు లేక అంతకు మించి ఈ నూడుల్సు తిను కొరియా స్త్రీలలో రక్తపోటు, నడుము చుట్టు కొవ్వు మొదలగు లక్షణములు కూడి వచ్చుట ఎక్కువగా కానవచ్చెను. పురుషులలో అట్టి సంబంధము కనబడలేదు. రెండు విషయములు కలిసి కనిపించినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని తేలదు. అయినను అది నిత్య భోజనము కారాదను హెచ్చరికకు ఇది బలము నిచ్చును.

2023లో ప్రపంచమున 12,000 కోట్ల పొట్లములకు పైగా ఈ రకపు నూడుల్సు ఖర్చయ్యెను. కొరియాలో సగటున ఒక్కొక్కరు ఏటా డెబ్బదికి పైగా తినుచున్నారు. నామ్‌దేమున్ అంగడిలో వరుసకట్టిన కూలివాడు తన ఆకలి తీరునా అని ఆలోచించెను. అతని మనుమడు ఎంత కారము తినగలనా అని ఆలోచించుచున్నాడు. ఇద్దరి చేతిలోను ఉన్నది వంద గ్రాముల గోధుమ పిండియే. దానిలో ఎంత ఉప్పు, ఎంత కారము, ఎన్ని పాలు కలుపవలెననునది మాత్రము మనుమని వశమున ఉన్నది. తాతకు ఆ ఎంపిక లేదు.